తిరగేసిన గౌను

థెల్మా కుట్టుమిషను మీద లెస్టర్ గుడ్డ పెట్టడం అదే మొదటిసారి. నలభై నాలుగేళ్ల కాపురంలో దానికి నూనె పోశాడు, బెల్టు మార్చాడు, పెడలు ఊడిపోతే వర్క్‌షాపు నుంచి మర తెచ్చి బిగించాడు. సూది కింద గుడ్డ మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. ఆమె పెట్టనిచ్చేది కాదు.

"నీవి సీట్లు కుట్టే చేతులు మ్యాన్. నా మిషను జోలికి రాకు," అనేది.

నిజమే. ముప్పై ఆరేళ్లు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైలుపెట్టెల సీట్లు కుట్టినవాడు. రెక్సినూ, కాన్వాసూ, తాడులాంటి దారం. అలాంటివాడు ఇప్పుడు నేరేడుపండు రంగు గౌను ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు.

ఈస్టర్ మర్నాడు సోమవారం కాలనీలోని ఆంగ్లో ఇండియన్లకి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో పాతకాలపు డాన్సు. ఆ రోజు ఆడవాళ్లంతా తమ తల్లుల నాటి కత్తిరింపు గౌన్లే వేసుకోవాలి. నడుం దగ్గర బిగుతు, కింద గొడుగులా విచ్చుకుని మోకాలు దాటి దిగాలి. అసలైన పాతవి ఎవరి పెట్టెల్లోనూ మిగల్లేదు. పాత తీరులో కొత్తగా కుట్టినవి కలకత్తాలో అమ్ముతారు. అవి బొమ్మకి తొడిగితే బాగుంటాయి గానీ మనిషి ఒంటికి కుదరవు. అందుకని ఏటా ఈస్టర్ ముందు తపస్సుకాలం నలభై రోజులూ థెల్మా ఇంట్లో గౌన్లు వేలాడుతుండేవి. కుర్చీల మీద, తలుపుల మీద, ఆఖరికి మేరీమాత పటం పక్కనున్న మేకు మీద కూడా. లెస్టర్ కూర్చునేందుకు చోటులేక వరండాలో నిలబడి టీ తాగేవాడు.

ఈ ఏడు మేకులన్నీ ఖాళీగానే ఉన్నాయి.

వానాకాలంలో కలకత్తా ఆసుపత్రిలో థెల్మాకి ఎడమ రొమ్ము తీసేశారు. ఆ పక్క చెయ్యి భుజం దాటి పైకి లేవదు. పొద్దు వాలేసరికి వాస్తుంది. ఆ చేతికి సూది గుచ్చుకోకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. దాంతో మిషను మీద దుప్పటి పడింది. ఎనిమిది నెలలుగా థెల్మా గేటు దాటలేదు. చర్చికీ పోలేదు. ఫాదరే నెలకోసారి వచ్చి సత్ప్రసాదం ఇచ్చి పోతున్నాడు. కట్టు మార్చే రోజుల్లో నర్సుని లోపలికి రానిచ్చి తలుపేసుకునేది. కట్టు విప్పేశాక కూడా ఆ తలుపు లెస్టర్‌కి తెరుచుకోలేదు. ఆయన అడగనూ లేదు.

కలకత్తా నుంచి ఈ గౌను తెచ్చింది వెనక వీధి డాఫ్నీ. యాభై ఏళ్లు నిండినా ఇంకా పిల్లలా గెంతే మనిషి. "మీకోసమే తెచ్చానాంటీ. వద్దంటే చెప్పండి, నేనే దూరి చింపేస్తాను," అని మంచం మీద పడేసి పోయింది.

థెల్మా రోజంతా దాన్ని ముట్టుకోలేదు. దాని పక్కనుంచే అటూ ఇటూ తిరిగింది. సాయంత్రం ఇటుతిప్పి అటుతిప్పి కుట్లు చూసి, "ఇదో కుట్టా! పక్కల లోపల గోరంత గుడ్డ కూడా వదల్లేదు దరిద్రులు," అంది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది.

"ఒంటికి కుదిరితే వస్తాను లెస్. కుదరకపోతే ఇక డాన్సు మాట, చర్చి మాట, బజారు మాట నా దగ్గర ఎత్తకూడదు. ఇల్లే నాకు చాలు అని ఊరుకోవాలి. సరేనా?"

"సరే."

"నేను చెప్తుంటాను. నువ్వు కుడతావు."

"సరే," అన్నాడు మళ్లీ. ఆయన నోటి నుంచి అంతకు మించి రావడం అరుదు.

థెల్మాది ఒకటే పద్ధతి. గౌనుని తిరగేసి తొడగాలి. అప్పుడు కుట్లన్నీ పైకి ఉంటాయి. ఎక్కడ వదులుగా ఉందో అక్కడ వేళ్లతో పట్టి గుండుసూదులు గుచ్చుకుంటూ పోవాలి. గౌను విప్పి ఆ సూదుల వెంటే మిషను తొక్కాలి. ముప్పై ఏళ్లుగా కాలనీలో ఎందరి గౌన్లనో అలాగే బాగుచేసింది. ఎవరూ వంకపెట్టలేదు.

పవిత్రవారం మొదలైన సోమవారం నాడు, లోపల వేసుకునే షిమీజు మీద ఆ గౌనుని తిరగేసి తొడుక్కుని గది మధ్యలో నిలబడింది. అంతకుముందే బీరువా అద్దం మీద దుప్పటి కప్పేసింది. చంక కింద పక్కనున్న జిప్పుకి ఆమె చెయ్యి అందలేదు. లెస్టరే వేశాడు. గుండుసూదుల డబ్బా పట్టుకుని ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏంటా తిరగడం? నేనేమన్నా ఇంజనునా?"

ఎడమ పక్క గుడ్డ ఖాళీగా వేలాడుతోంది. చంక నుంచి నడుం దాకా దిగే నిలువు కుట్టు పొడుగునా మూడు వేళ్ల గుడ్డ ఎక్కువుంది. ఆయన ఆ ఎక్కువని పట్టి, ఒంటికి చెయ్యి తగలకుండా దూరంగా లాగి, ఒక్కొక్క సూదే గుచ్చాడు. థెల్మా కళ్లు గోడమీది క్యాలెండరు మీదే ఉన్నాయి.

"అయిందా?"

"అయింది."

"కుడి పక్క?"

"సరిగ్గానే ఉంది."

ఆ మధ్యాహ్నం మిషను తొక్కాడు. కుట్టు తిన్నగా వచ్చింది. అంత మెత్తని గుడ్డ మీద అంత తిన్నగా వస్తుందని ఆయనే అనుకోలేదు. ఆ ఊపులో కత్తెర తీసి, కుట్టు బయట మిగిలిన మూడు వేళ్ల గుడ్డనీ టకటకా కత్తిరించేశాడు. వర్క్‌షాపు అలవాటు అది. సీటు కుట్టగానే మిగులు కోసెయ్యాలి, లేకపోతే కూర్చునేవాడికి కింద బొడిపె తగులుతుంది. ముప్పై ఆరేళ్లు చేతులు చేసిన పని. తుంపులు రేకు డబ్బాలో వేసి, గౌనుని మంచి వైపుకి తిప్పి, ఇస్త్రీ చేసి మంచం మీద పరిచాడు.

థెల్మా తలుపేసుకుని తొడుక్కుంది. ఆయన బయట నిలబడ్డాడు.

"లెస్. లోపలికి రా."

కుడి పక్క, ఉన్న రొమ్ము మీద, గౌను పట్టేసి ఊపిరాడకుండా నొక్కుతోంది. ఎడమ పక్క, లేనిచోట, ఖాళీ సంచిలా వేలాడుతోంది.

లెస్టర్‌కి ఏమీ అర్థం కాలేదు. "నేను ఎడమ పక్కే కుట్టాను. ఎడమ పక్కే గుచ్చాను," అన్నాడు.

"విప్పి చూడు. కుట్టు విప్పితే సరిపోతుంది," అంటూనే ఆమె చూపు రేకు డబ్బా మీద పడింది. వంగి ఒక తుంపు తీసింది. పొడుగ్గా, కొడవలిలా ఉంది. "కోసేశావా?"

ఆయన తలూపాడు.

"ట్రయల్ చూడకుండా కోసేశావా? భూమ్మీద ఎవడన్నా కోస్తాడా మ్యాన్ అలాగ?"

"సీటుకైతే..."

"నేను సీటునా?"

ఆ మాటకి ఆయన తలవంచుకున్నాడు. థెల్మా తుంపుని గౌను మీద కుడి పక్క ఆనించి చూసింది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది. మొహంలో కోపం మెల్లిగా ఇంకేదో అయింది.

"నీ తప్పు కాదు," అంది. గొంతు తగ్గింది. "తిరగేసి తొడుక్కున్నాను కదా. తిరగేస్తే గౌను కుడి పక్క నా ఎడమకి వస్తుంది. నువ్వు నా ఎడమన గుచ్చింది గౌను కుడి పక్క. ఎడమ పక్కనుండే జిప్పు కుడికి వచ్చినప్పుడైనా నాకు తెలియొద్దూ? ముప్పై ఏళ్ల నుంచి ఇదే పని చేస్తున్నదాన్ని."

"మరి అందరివీ అలాగే చేశావుగా."

"అందరికీ రెండు పక్కలూ ఒకటే." మంచం మీద కూర్చుంది. "నాకూ ఒకటే అనుకున్నాను చూడు. ఇంకా అదే అనుకుంటున్నాను."

లెస్టర్ సాయం చేయబోతే వద్దంది. తలుపు వేయమంది. తలుపు అవతలి నుంచి, "నువ్వొక్కడివే వెళ్లు సోమవారం. మాటంటే మాటే," అంది.

రెండు రోజులు ఇంట్లో అవసరానికి మించి ఎవరూ మాట్లాడుకోలేదు. లెస్టర్ గౌనుని వరండాలోకి తెచ్చుకుని, కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చుకుని, తాను వేసిన కుట్టుని తానే ఒక్కో టాకా విప్పాడు. విప్పితే కోసిన అంచు బయటపడింది. అతికేందుకు గుడ్డ కావాలి. తుంపులు పనికిరావు, మరీ సన్నం. గౌనంతా వేళ్లతో తడిమాడు. కింద అంచు దగ్గర వేళ్లు ఆగాయి. అంచు లోపలికి నాలుగు వేళ్ల మడత ఉంది. థెల్మా పొట్టిది. ఎలాగూ అంచు పైకి తీయాల్సిందే. గుడ్డ దొరికింది. ఆ మాట ఆమెకి చెప్పాలని లోపలికి వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చేశాడు.

గురువారం పొద్దున ఇంకో పని చేశాడు. పాత తలగడలోంచి దూది తీసి, బాగా ఏకి, తెల్లగుడ్డలో గుండ్రంగా కుట్టాడు. చేతిలో పట్టుకుని బరువు చూశాడు. విప్పి ఇంకొంచెం కూరాడు. టీ తాగే వేళకి దాన్ని తెచ్చి థెల్మా కప్పు పక్కన పెట్టాడు.

"ఏంటిది?"

"పెట్టుకుంటావేమోనని."

థెల్మా దాన్ని వేలితో నొక్కి చూసింది. "సెకండ్ క్లాసా, ఫస్ట్ క్లాసా?"

"ఫస్ట్ క్లాస్," అన్నాడు లెస్టర్. "ఏసీ."

ఆమెకి నవ్వొచ్చేసింది. వానాకాలం తర్వాత ఆ ఇంట్లో ఆ నవ్వు వినపడడం అదే మొదలు. టీ ఒలికింది కూడా. నవ్వు అయ్యాక కళ్లు తుడుచుకుని ఆ దూది ముద్దని ఆయన వైపు జరిపింది.

"ఈ ఎండల్లో ఇది ఒరుసుకుపోతుంది లెస్. ఆసుపత్రివాళ్లు ఇచ్చింది కూడా అందుకే పెట్టుకోవట్లేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే ఓపిక నాకు లేదు." కాస్త ఆగింది. "లేనట్టుగానే కుట్టగలవా?"

లెస్టర్ టీ పూర్తిచేసి కప్పు బోర్లించాడు.

"చూడకుండా కుట్టలేను," అన్నాడు.

థెల్మా లేచింది. రెండు కప్పులూ తీసుకుని వంటింట్లోకి పోయింది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. రెండు కప్పులకి అన్ని నీళ్లు అక్కర్లేదు.

మర్నాడు గుడ్ ఫ్రైడే. ఆ రోజు కాలనీలో ఎవరింట్లోనూ మేకు కొట్టరు, సూది పట్టరు. థెల్మా అత్తగారి కాలం నుంచీ ఆ ఇంట్లో గుండుసూదుల డబ్బాని కూడా అలమర్లో పెట్టి తాళం వేస్తారు. లెస్టర్ మూడు గంటల ప్రార్థనకి ఒక్కడే వెళ్లొచ్చాడు. వచ్చేసరికి టేబులు మీద మిరియాల చారూ అన్నమూ మూతపెట్టి ఉన్నాయి. థెల్మా పడకగదిలో, కిటికీ రెక్కలు బార్లా తీసి, వెలుతురులో కూర్చుని ఉంది.

"వీధి తలుపు గడియ వేసి రా," అంది.

వేసి వచ్చాడు.

"ఈ రోజు సూది లేదు కాబట్టి చూడడం వరకే."

జాకెట్టు గుండీలు తానే విప్పుకుంది. ఎడమ చెయ్యి సరిగ్గా రాక కొంత కష్టపడింది. లెస్టర్ ముందుకి అడుగేసి ఆగిపోయాడు. ఆమె పిలవలేదు కాబట్టి.

చూశాడు. చంక కింద మొదలై ఛాతీ మధ్యదాకా ఒక గీత. దానికి అటూ ఇటూ సూది దిగిన చుక్కలు. చుట్టూ చర్మం పల్చగా, ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఉంచిన గుడ్డలా మెరుస్తోంది. లోపల పక్కటెముకలు ఎక్కడున్నాయో లెక్కపెట్టొచ్చు.

థెల్మా కిటికీ బయటికి చూస్తూ అడిగింది. "ఎలా ఉంది?"

"నువ్వు చూసుకోలేదా?"

"లేదు. నువ్వు చెప్పు."

ఆయనకి మాటలు ఎప్పుడూ వేగంగా రావు. ఆ రోజు మరీ ఆలస్యమైంది. ఆమె ఓపిగ్గా ఆగింది.

"కుట్టు తిన్నగా ఉంది," అన్నాడు చివరికి. "వేసినవాడికి పని తెలుసు."

థెల్మా భుజాలు కదిలాయి. మొహం కిటికీ వైపే ఉండడంతో నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆయన దగ్గరికి వెళ్లి గీత మీద అరచెయ్యి ఆనించాడు. వెచ్చగా ఉంది.

"నిలబడే ఉన్నావా?" అంది ఆమె, ఇంకా బయటికే చూస్తూ.

"చెయ్యి పెట్టాను."

"పెట్టావా?" తల తిప్పి చూసింది. ఆయన చేతిని చూసింది. అప్పుడే మొదటిసారి దాని కింద ఉన్నదాన్ని కూడా చూసింది. "నాకు తెలియలేదు. అక్కడ ఏమీ తెలీదు. సూది దిగినా తెలీదు లెస్."

లెస్టర్ చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తరవాత ప్యాంటు జేబులోంచి దారం రీలు తీశాడు.

"ఇవాళ వద్దన్నానా?"

"దారమే. సూది కాదుగా."

వెన్నెముక నుంచి ఛాతీ మధ్యకి కుడి పక్కనుంచి కొలిచి ఒక ముడి వేశాడు. ఎడమ పక్కనుంచి కొలిచి ఇంకో ముడి వేశాడు. థెల్మా ఆ దారాన్ని తీసుకుని రెండు ముడుల మధ్యా ఎంత తేడా ఉందో వేళ్లతో చూసుకుంది.

"నేనెప్పుడూ సగమే కొలిచేదాన్ని," అంది. "కొలిచి రెండింతలు చేసేదాన్ని. ఎంత తప్పో."

శనివారం పొద్దున అలమర తాళం తీశారు. ఈసారి గౌనుని మంచి వైపే పైకి ఉండేలా తొడిగారు, షిమీజు లేకుండా. లెస్టర్ తన ఎడమ అరచేతిని గౌను లోపలికి, గుడ్డకీ గీతకీ మధ్యకి దూర్చి ఉంచాడు. కుడిచేత్తో పైనుంచి గుండుసూదులు గుచ్చాడు. గుచ్చిన ప్రతి సూది మొనా ముందు ఆయన చేతికే తగలాలి.

"ఆ కుట్టు అంత పైకి వద్దు. చంక దగ్గర నా చేతికి చోటుంచు," అంటోంది థెల్మా. "కిందకి లాగు. అబ్బ, లాగమంటే పీకుతావేం? మెల్లిగా... ఆ, అలా."

అద్దం మీద దుప్పటి లేదు. ఎప్పుడు తీసిందో ఆయన గమనించలేదు.

సూదులన్నీ అయ్యాక మెల్లిగా గౌను విప్పారు. తెల్లని లైనింగు మీద రెండు చోట్ల ఎర్రచుక్కలు కనిపించాయి. థెల్మా గాభరాగా తన ఒళ్లు తడుముకుంది.

"ఎవరి రక్తం? నాదేనా?"

లెస్టర్ చెయ్యి చూపించాడు. మధ్యవేలి మీద, బొటనవేలి కింద. "నాదే."

ఆమె ఆ చేతిని దగ్గరికి లాక్కుంది. రేకు డబ్బాలోంచి ఆ కొడవలిలాంటి నేరేడురంగు తుంపుని తీసి, మధ్యవేలికి నాలుగు చుట్లు చుట్టి, పళ్లతో కొరికి ముడివేసింది. "దీనికైనా పనికొచ్చింది," అంది.

ఎడమ పక్క గుడ్డని మడిచి కుట్టాడు. కుడి పక్క కోసిన చోట అంచులోంచి తీసిన గుడ్డని కొడవలిలాగే కత్తిరించి అతికాడు. అతుకు కనపడుతోంది. కనపడనివ్వమంది. ఎడమ కుట్టు పక్కన మిగిలిన గుడ్డని ఈసారి కోయలేదు. కత్తెర చేతిలోకి తీసుకుని ఆమె వైపు చూసి, మళ్లీ పెట్టేశాడు.

"బుద్ధొచ్చింది," అంది థెల్మా.

సోమవారం సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరూ నడిచే వెళ్లారు. ఇన్‌స్టిట్యూట్ చెక్కనేల మీద డాన్సుకి పాదాలు జారేలా పౌడరు చల్లి ఉంది. గుమ్మంలో థెల్మా ఒక్క క్షణం ఆగింది. లెస్టర్ కూడా ఆగాడు. లోపల గౌన్లన్నీ ఇటు తిరిగాయి. వాటిలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆమె చేతికిందనుంచి వెళ్లినవే. కొందరి చూపు ఆమె కుడి పక్క నుంచి ఎడమ పక్కకి పోయి, చటుక్కున మొహం మీదకి వచ్చింది. ఆమె లోపలికి నడిచింది.

డాఫ్నీయే ముందుగా పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ! ఎవరు కుట్టారు? అంకులా? అంకుల్, వచ్చే ఏడు నా గౌను మీకే!"

"ఆయనకివ్వకు," అంది థెల్మా. "ట్రయల్ చూడకుండా కోసే రకం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒక ముసలావిడ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. కుడి చెయ్యే. కుర్చీ జరిపి కూర్చోబెట్టబోయారు. థెల్మా కూర్చోలేదు. బ్యాండువాళ్లు జంటగా ఆడే నెమ్మదైన వాల్ట్జ్ ఎత్తుకున్నారు.

లెస్టర్ ఎప్పట్లాగే ఎదురుగా నిలబడ్డాడు. కుడి చెయ్యి ఆమె ఎడమ భుజం వెనక్కి పోవాలి. ఆమె ఎడమ చెయ్యి లేచి ఆయన భుజం మీద ఆనాలి. నలభై నాలుగేళ్లుగా అంతే. ఆమె చెయ్యి సగం లేచి అక్కడే ఆగిపోయింది. ఆయన చెయ్యి కూడా గాల్లోనే ఆగింది. పక్క జంటలు వాళ్లని తప్పించుకుని పోతున్నాయి.

థెల్మా ఎడమ చేతిని మెల్లిగా కిందకి దించి ఆయన కుడి చేతిలో పెట్టింది. నడుం కంటే పైకి పోకుండా అక్కడే పట్టుకోమన్నట్టు. కుడి చెయ్యి ఎత్తి ఆయన రెండో భుజం మీద వేసింది.

"తిరగెయ్యి," అంది.

ఆయన ఎడమ చెయ్యి వెతుక్కుంటూ వెళ్లి ఆమె కుడి పక్కన చంక కింద ఆగింది. వేళ్ల కింద తాను వేసిన అతుకు తగిలింది. మధ్యవేలికి ఇంకా తుంపు చుట్టే ఉంది. మొదటి అడుగే తప్పింది, ఆమె కాలు తొక్కాడు.

"ఎడమ, లెస్. నీ ఎడమ."

"ఏది నా ఎడమ ఇప్పుడు?"

"నాకేం తెలుసు? చూసుకుని వెయ్యి," అని థెల్మా ఆయన పాదాల వైపు చూస్తూ, నోట్లోనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది.